మిరపాకు నుంచి జెల్ మీద బ్యాండ్ దాకా: జెమినీ వైరస్‌ని పీసీఆర్‌తో పట్టే పద్ధతి

ముడుచుకున్న మిరపాకు చేతిలో పెట్టి ఇది పురుగా, వైరస్సా అని అడిగితే కంటితో తేల్చి చెప్పడం కష్టం. తామర పురుగు రసం పీల్చిన ఆకు అంచులు పైకి లేస్తాయి. అది పై ముడత. నల్లి పట్టిన ఆకు అంచులు కిందికి తిరిగి, బోర్లించిన పడవలా అవుతుంది. అది కింది ముడత. తెల్లదోమ మోసుకొచ్చే జెమినీ వైరస్ కూడా ఆకును పైకే ముడుస్తుంది. ఆకులు చిన్నవైపోయి, కణుపులు దగ్గరపడి, మొక్క గిడసబారుతుంది. ప్రత్తిపాడు, వట్టిచెరుకూరు, మేడికొండూరు వైపు చేలల్లో ఒకే మొక్క మీద ఈ మూడూ కలిసి కనిపించినా ఆశ్చర్యం లేదు. పురుగు మందు వైరస్‌ని మొక్కలోంచి తీయలేదు. వైరస్ పట్టిన మొక్కను మొదట్లోనే పీకేసి, తెల్లదోమను అదుపులో పెట్టాలి. అందుకే ఏది ఏమిటో తేల్చే పరీక్షకు, అంటే వైరస్ డీఎన్‌ఏ ముక్కను కోట్ల కాపీలుగా పెంచి చూసే పీసీఆర్‌కి, విలువ ఉంది.

గుంటూరు, విజయవాడ కాలేజీల్లో బయోటెక్నాలజీ, వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ చేసేవాళ్లకు ఇది చక్కటి ప్రాజెక్టు. చేను దగ్గర్లోనే ఉంటుంది, ఖర్చు తక్కువ, డీఎన్‌ఏ తీయడం నుంచి క్లోనింగ్ దాకా అన్నీ ఇందులోనే నేర్చుకోవచ్చు. ఎక్కువ మంది ఒకే చోట దెబ్బతింటారు: బ్యాండ్ (జెల్ మీద కనిపించే డీఎన్‌ఏ గీత) రాకపోతే “వైరస్ లేదు” అని రాసేస్తారు. డీఎన్‌ఏ పాడైనా బ్యాండ్ రాదు, డీఎన్‌ఏని కాపీ చేసే టాక్ ఎంజైమ్ చచ్చినా రాదు, ఆకులోని జిగురు అడ్డుపడినా రాదు. ఇక్కడ చెప్పే ప్రతి మెట్టూ ఆ రాని బ్యాండ్‌ని నమ్మగలిగేలా చేయడం కోసమే.

ముందుగా ఈ పరీక్ష దేన్ని చూడగలదో, దేన్ని చూడలేదో తెలుసుకోవాలి. మిరపలో ఆకుముడత తెచ్చే జెమినీ వైరస్‌లను బెగోమోవైరస్‌లు అంటారు. వాటిది ఒంటిపోగు డీఎన్‌ఏ. ఉంగరంలా గుండ్రంగా, సుమారు 2,700 బేసుల (డీఎన్‌ఏ అక్షరాల) పొడవుంటుంది. దానికి తోడుగా తరచూ 1,350 బేసుల బీటా శాటిలైట్ అనే చిన్న ఉంగరం కూడా ఉంటుంది. మిరపలో తరచూ కనిపించే దోస మొజాయిక్ వైరస్, తామర పురుగు మోసే టోస్పోవైరస్‌లు మాత్రం ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు. డీఎన్‌ఏ తీసి చేసే పీసీఆర్‌కి అవి కనపడవు. వాటికి ఆర్‌ఎన్‌ఏ తీసి, దాన్ని ముందు సీడీఎన్‌ఏగా, అంటే డీఎన్‌ఏ కాపీగా, మార్చుకోవాలి. కాబట్టి ఫలితం రాసేటప్పుడు “వైరస్ లేదు” అనకండి, “బెగోమోవైరస్ కనపడలేదు” అని రాయండి.

ఆకు కోయడం

ఈ ప్రాంతంలో మిరప ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటుతారు. ప్రాజెక్టులేమో జనవరిలో మొదలవుతాయి. అప్పటికి చేలో కోతలు నడుస్తుంటాయి, కింది ఆకులు ముదిరిపోయి ఉంటాయి. ముదురాకు జోలికి పోవద్దు. దాంట్లో ఫినాల్స్, పిండి పదార్థాలు ఎక్కువ, వైరస్ తక్కువ. కొమ్మ చివర చిగురు నుంచి రెండో, మూడో ఆకు కోయండి. వైరస్ పోషకనాళాల్లో ఉంటూ పెరిగే చివరలకు చేరుతుంది, అందుకే అక్కడ దొరుకుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి చాలా చేలు ఖాళీ అయిపోతాయి. మళ్లీ నమూనా కావాలన్నా దొరకదు. మొదటి రోజే ఒక్కో మొక్క నుంచి రెండింతలు కోసి, సగం మైనస్ 20లో దాచండి.

కోసిన ఆకును మంచినీళ్లతో కడిగి, టిష్యూతో ఒత్తి తుడవండి. మిరప చేలో మందు పడని ఆకు అరుదు, ఆ పూత పోవాలి. తర్వాత జిప్ కవరులో వేసి ఐసు పెట్టెలో పెట్టండి. కవరు ఐసును నేరుగా తాకకూడదు, మధ్యలో అట్టముక్క ఉండాలి. ఆకు గడ్డకట్టి మళ్లీ కరిగితే కణాలు పగిలి, లోపలి ఎంజైములు డీఎన్‌ఏని ముక్కలు చేసేస్తాయి. ఐసు దొరకని దూరం వెళ్తే సిలికా జెల్ తీసుకెళ్లండి. గ్రాము ఆకుకు పది గ్రాముల సిలికా వేస్తే ఆకు ఒక రోజులో పెళపెళమని విరిగేలా ఎండుతుంది. తర్వాత నూరడానికి ఎండిన ఆకైతే 20 మిల్లీగ్రాములు చాలు. కవరు మీద పేరు మార్కరుతో రాస్తారు, చేతికున్న స్పిరిట్ తగలగానే అది చెరిగిపోతుంది. చిన్న కాగితం మీద పెన్సిలుతో రాసి కవరు లోపల వేయండి. ఊరు, రకం, తేదీ, పై ముడతో కింది ముడతో, పురుగు కనిపించిందో లేదో, అన్నీ అందులో ఉండాలి.

తేజ లాంటి ఘాటు రకాల ఆకులో కారం పీసీఆర్‌కి అడ్డొస్తుందేమోనన్న భయం అక్కర్లేదు. ఘాటు కాయలో, అదీ గింజలు అంటుకుని ఉండే తెల్లటి కండలో తయారవుతుంది. ఆకుతో ఇబ్బంది పెట్టేది జిగురు, ఫినాల్స్.

సీటాబ్ బఫర్

మొక్క నుంచి డీఎన్‌ఏ తీయడానికి డాయిల్ దంపతులు 1987లో ప్రచురించిన సీటాబ్ పద్ధతి, చిన్నచిన్న మార్పులతో, ఇప్పటికీ మొక్కల ల్యాబుల్లో నడుస్తోంది. 100 మిల్లీలీటర్లకు సీటాబ్ 2 గ్రాములు, ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, 8.18 గ్రాములు, ఒక మోలార్ ట్రిస్ పీహెచ్ 8.0 ది 10 మిల్లీలీటర్లు, అర మోలార్ ఈడీటీఏ పీహెచ్ 8.0 ది 4 మిల్లీలీటర్లు, పీవీపీ 2 గ్రాములు. మిగతాది డిస్టిల్డ్ వాటర్. లెక్క చూస్తే ఉప్పు 1.4 మోలార్, ట్రిస్ 100 మిల్లీమోలార్, ఈడీటీఏ 20 మిల్లీమోలార్ అవుతాయి. బీటా మెర్కాప్టోఇథనాల్ మాత్రం సీసాలో కలిపి ఉంచకండి. వాడే రోజున, వాడేంత బఫర్‌లోనే, మిల్లీలీటరుకు 2 మైక్రోలీటర్లు వేయండి, అదీ ఫ్యూమ్ హుడ్‌లో. దాని కంపు పక్క గది దాకా పోతుంది.

ఇందులో ఏది ఎందుకుందో తెలిస్తే తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవచ్చు. సీటాబ్ ఒక సబ్బు, కణపొరల్ని కరిగిస్తుంది. ఎక్కువ ఉప్పులో అది జిగురు చక్కెరలను పట్టుకుని డీఎన్‌ఏని వదిలేస్తుంది. అందుకే ఉప్పు తూకంలో తేడా వస్తే డీఎన్‌ఏ కూడా సీటాబ్‌తో కలిసి పోతుంది. ఈడీటీఏ మెగ్నీషియాన్ని కట్టేస్తుంది, మెగ్నీషియం లేకపోతే డీఎన్‌ఏని కోసే ఎంజైములు పనిచేయవు. పీవీపీ, మెర్కాప్టోఇథనాల్ రెండూ ఫినాల్స్ పని పడతాయి. నూరిన ముద్ద నిమిషాల్లో గోధుమరంగుకు తిరిగితే ఈ రెండింట్లో ఒకటి తక్కువైందని అర్థం.

సీటాబ్ సుమారు 15 డిగ్రీల కింద గడ్డకట్టి తెల్లటి పొరగా దిగిపోతుంది. బఫర్‌ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఏసీ గదిలో రాత్రంతా ఉన్న సీసాను పొద్దున్నే 65 డిగ్రీల వాటర్ బాత్‌లో పెట్టి, పూర్తిగా తేటపడ్డాకే వాడండి.

నూరడం నుంచి పెల్లెట్ దాకా

ద్రవ నైట్రోజన్ ఉంటే మంచిదే, లేకపోయినా ఆగక్కర్లేదు. 100 మిల్లీగ్రాముల లేత ఆకును చిన్న కల్వంలో వేసి, 65 డిగ్రీలకు వేడెక్కిన బఫర్ ఒక మిల్లీలీటరు పోసి, చిటికెడు శుభ్రమైన ఇసుక వేసి ఒక నిమిషంలో మెత్తగా నూరేయండి. ఆకు ఎక్కువైతే డీఎన్‌ఏ కూడా ఎక్కువ వస్తుందనుకుంటారు. 300 మిల్లీగ్రాములు వేస్తే వచ్చేది జిగురు. బఫర్ బలం అంత ఆకుకు చాలదు.

ముద్దలోంచి 700 మైక్రోలీటర్లు 2 మిల్లీలీటర్ల ట్యూబులోకి తీసుకుని 65 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు పెట్టండి. పది నిమిషాలకోసారి మెల్లగా తిరగేయండి. బయటికి తీసి గది వేడికి రానిచ్చాక క్లోరోఫామ్, ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1 మిశ్రమం 700 మైక్రోలీటర్లు కలపండి. వేడి ట్యూబులో క్లోరోఫామ్ పోస్తే మూత ఎగిరిపోతుంది, కంట్లో పడితే ప్రమాదం. పది నిమిషాలు మెల్లగా తిరగేస్తూ ఉండండి. వోర్టెక్స్ (ట్యూబును జోరుగా కుదిపే యంత్రం) మీద పెట్టొద్దు, పొడవాటి పోగులు తెగిపోతాయి. క్లోరోఫామ్‌కి పాలీప్రొపిలీన్ ట్యూబులే వాడాలి, పాలీస్టైరీన్ కరిగిపోతుంది.

సెంట్రిఫ్యూజ్‌లో 12,000 ఆర్‌పీఎంలో పది నిమిషాలు తిప్పాక ట్యూబును వెలుతురుకు ఎత్తి చూడండి. అడుగున ఆకుపచ్చ క్లోరోఫామ్, మధ్యలో పెరుగు మీగడలా తెల్లటి పొర, పైన కొంచెం పసుపు ఛాయున్న తేట నీరు. డీఎన్‌ఏ ఆ పై నీటిలో ఉంది. మధ్య పొర ప్రోటీన్లు, చెత్త. పిపెట్ మొనను నీటి పైమట్టానికే ఆనించి, 100 మైక్రోలీటర్ల చొప్పున తీసుకుంటూ, సుమారు 500 దగ్గర ఆపేయండి. ఆ చివరి 100 మైక్రోలీటర్ల మీద ఆశ పెట్టుకుంటే మీగడ కూడా టిప్పులోకి వచ్చేస్తుంది, అంతకుముందు చేసిన పనంతా వృథా. మధ్య పొర మందంగా ఉంటే తీసిన నీటికి మళ్లీ అంతే క్లోరోఫామ్ మిశ్రమం కలిపి ఇంకోసారి తిప్పండి. మిరపకు రెండోసారి చేయడం దాదాపు ఎప్పుడూ మేలే చేస్తుంది.

ఇప్పుడు 10 మిల్లీగ్రాములు/మిల్లీలీటరు ఆర్‌ఎన్‌ఏజ్ ఏ 5 మైక్రోలీటర్లు వేసి 37 డిగ్రీల దగ్గర అరగంట. తర్వాత చల్లటి ఐసోప్రొపనాల్, నీటి కొలతలో మూడింట రెండు వంతులు, అంటే 500కి 330 మైక్రోలీటర్లు. మూత పెట్టి నాలుగైదుసార్లు తిరగేస్తుంటే ద్రవంలో పొగలాంటి చారలు లేచి, అవన్నీ చేరి దూది పోగులా ఒక చోట తేలతాయి. అదే డీఎన్‌ఏ. పోగు కాకుండా నీళ్ల సగ్గుబియ్యం జావలా తేలితే అది జిగురు చక్కెర. అలాంటి నమూనాకి తర్వాతిసారి ఐసోప్రొపనాల్‌కి ముందు 5 మోలార్ ఉప్పు నీరు, నమూనా కొలతలో సగం, కలపండి. ఆ ఉప్పులో చక్కెర కరిగి ఉండిపోతుంది, డీఎన్‌ఏ దిగుతుంది.

మైనస్ 20లో అరగంట చాలు. రాత్రంతా పెడితే ఉప్పు, చక్కెర కూడా దిగుతాయి. 12,000లో పది నిమిషాలు తిప్పి, పై నీరు ఒంపేసి, అడుగున మిగిలిన డీఎన్‌ఏ ముద్దను, అంటే పెల్లెట్‌ని, 70 శాతం ఇథనాల్ 500 మైక్రోలీటర్లతో కడిగి ఐదు నిమిషాలు తిప్పండి. ఈ 70 శాతాన్ని ఏ వారానికావారం కొత్తగా కలుపుకోండి. మే నెల ఎండలో మూత సరిగా పడని సీసాలోంచి ఇథనాల్ ముందు ఆవిరైపోతుంది, మిగిలేది నీళ్లెక్కువ ద్రావణం. దాంతో కడిగితే పెల్లెట్ కరిగి పారబోసే నీటిలోకే పోతుంది. ట్యూబును బోర్లించి పది, పదిహేను నిమిషాలు ఆరనివ్వండి. పెల్లెట్ తెల్లగా ఉండి, అంచులు పారదర్శకం అవుతున్నప్పుడు 50 మైక్రోలీటర్ల టీఈ (ట్రిస్, ఈడీటీఏ బఫర్) వేయండి. ఎండి గాజుపెంకులా అయిపోతే కరగడానికి రోజు పడుతుంది. అప్పుడు 55 డిగ్రీల దగ్గర అరగంట పెట్టి ఫ్రిజ్‌లో రాత్రంతా వదిలేయండి.

డీఎన్‌ఏ బాగుందా

నానోడ్రాప్‌లో (కాంతితో డీఎన్‌ఏని కొలిచే యంత్రం) మూడు అంకెలు చూడాలి. 260/280 నిష్పత్తి 1.8 దగ్గర ఉండాలి. తగ్గితే ప్రోటీన్ మిగిలినట్లు. 260/230 రెండు పైన ఉండాలి. ఒకటి కంటే తగ్గితే జిగురు, ఫినాల్స్, ఉప్పు ఇంకా ఉన్నాయని, పీసీఆర్ మొండికేస్తుందని లెక్క. గాఢత సాధారణంగా మైక్రోలీటరుకు వంద నుంచి కొన్ని వందల నానోగ్రాములు ఉంటుంది. కానీ నానోడ్రాప్‌కి ఆర్‌ఎన్‌ఏ, విరిగిన డీఎన్‌ఏ, మంచి డీఎన్‌ఏ అన్నీ ఒక్కటే. అందుకే 0.8 శాతం అగరోజ్ జెల్ మీద చూసి తీరాలి. బావి (జెల్‌లో నమూనా పోసే గుంట) పక్కనే ఒక్క గట్టి బ్యాండ్ ఉంటే పొడవుగా, క్షేమంగా ఉంది. కిందిదాకా పొగలా జారితే విరిగింది. బావిలోనే మెరుస్తూ ఉండిపోతే జిగురు పట్టేసింది. అడుగున మబ్బులా కనిపిస్తే ఆర్‌ఎన్‌ఏ, దానితో పీసీఆర్‌కి పెద్ద ప్రమాదం లేదు గానీ గాఢత లెక్క తప్పుతుంది.

అన్ని నమూనాలనూ మైక్రోలీటరుకు 25 నానోగ్రాములు ఉండేలా పలుచన చేసుకోండి. ఉదాహరణకు 240 ఉన్న దాన్ని 10.4 మైక్రోలీటర్లు తీసుకుని 89.6 నీరు కలిపితే సరిపోతుంది. మిరప జీనోమ్ సుమారు 350 కోట్ల బేసులు. 50 నానోగ్రాములంటే దాదాపు 14,000 జీనోమ్ కాపీలు ట్యూబులో పడ్డట్లే. ఇంకా ఎక్కువ వేస్తే మేలు జరగదు, దాంతోపాటు వచ్చే చెత్త పెరుగుతుంది.

పీసీఆర్

డెంగ్, సహచరులు 1994లో తయారుచేసిన ప్రైమర్ల (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కల) జంటతో మొదలుపెట్టడం తేలిక. వీటి మొదటి ప్రైమర్ టి-ఏ-ఏ-టి-ఏ-టి-టి-ఏ-సి అన్న తొమ్మిది అక్షరాలతో మొదలవుతుంది. దాదాపు జెమినీ వైరస్‌లన్నిట్లో ఆ తొమ్మిదీ ఉంటాయి, ఎందుకంటే కొత్త కాపీ మొదలుపెట్టడానికి వైరస్ తన ఉంగరాన్ని కోసేది అక్కడే. ఆ అక్షరాలు మారితే వైరస్ పెరగడం కష్టం. రెండో ప్రైమర్ కోటు (పైతొడుగు) ప్రోటీన్ జీనులో కూర్చుంటుంది. మధ్య ముక్క సుమారు 530 బేసులు. జాతి జాతికీ మారే చోట్ల ఒకటి కంటే ఎక్కువ అక్షరాలు పెట్టి చేశారు కనుక చాలా రకాల బెగోమోవైరస్‌లను ఇవి పట్టుకుంటాయి.

ప్రైమర్ ట్యూబులు పొడిగా వస్తాయి. మూత తెరవకముందే ఒక నిమిషం తిప్పండి, లేదంటే మూతకంటుకున్న పొడి గాల్లో కలిసిపోతుంది. కాగితం మీద ఎన్ని నానోమోల్స్ అని ఉందో దానికి పది రెట్ల మైక్రోలీటర్ల టీఈ పోస్తే 100 మైక్రోమోలార్. దాన్ని పదింతలు పలుచన చేసి వాడండి.

ఒక్కో 25 మైక్రోలీటర్ల ట్యూబుకు: 10ఎక్స్ బఫర్, మెగ్నీషియం కలిసి ఉన్నది, 2.5. ఒక్కోటి 10 మిల్లీమోలార్ ఉన్న డీఎన్‌టీపీ (కొత్త డీఎన్‌ఏకి కావలసిన అక్షరాలు) మిశ్రమం 0.5. ప్రైమర్లు చెరి ఒకటి. టాక్, మైక్రోలీటరుకు 5 యూనిట్లది, 0.2. నీరు 17.8. మొత్తం 23, మీద నమూనా డీఎన్‌ఏ 2. ఎనిమిది నమూనాలు, మూడు కంట్రోళ్లు (పోల్చి చూసే ట్యూబులు) కలిపి పదకొండు అనుకుందాం. పన్నెండుకు కలపండి, పిపెట్‌లో పోయేది ఎంతో కొంత ఉంటుంది: బఫర్ 30, డీఎన్‌టీపీ 6, ప్రైమర్లు చెరి 12, టాక్ 2.4, నీరు 213.6. టాక్ చివర్లో వేయండి. అది గ్లిజరాల్‌లో ఉండి బరువుగా అడుగుకు పోతుంది, కాబట్టి వేశాక మెల్లగా కలిపితేనే ట్యూబులన్నిటికీ సమంగా అందుతుంది. ఇదంతా ఐసు మీదే. టాక్‌ని తనంతట తాను మంచు కరిగించుకునే ఫ్రిజ్‌లలో ఉంచకండి, అవి రోజూ వేడెక్కి చల్లబడుతుంటాయి.

మూడు కంట్రోళ్లలో ఏదీ వదలడానికి లేదు. డీఎన్‌ఏ బదులు నీరు వేసినది. దోమ దూరని సన్న మెష్ కింద పెంచిన ఆరోగ్యమైన నారు ఆకుది. వైరస్ ఉందని ఇంతకుముందు తేలిన డీఎన్‌ఏ (పాజిటివ్ కంట్రోల్), దాన్ని మొక్కల తెగుళ్ల విభాగం నుంచి అడిగి తెచ్చుకోవచ్చు. అది ప్లాస్మిడ్ (బాక్టీరియాలో పెంచే ఉంగరం డీఎన్‌ఏ) అయితే కనీసం వెయ్యింతలు పలుచన చేసి, మిగతా నమూనాలన్నీ మూతలు పెట్టాకే తెరవండి. చుక్క తుళ్లినా వచ్చే నెలంతా అన్ని ట్యూబుల్లో బ్యాండ్ వస్తుంది.

నాలుగోది కూడా ఉంది, విడిగా ఇంకో పీసీఆర్: ప్రతి నమూనాకూ మిరప సొంత జీను, ఆక్టిన్ లాంటిది, పెంచి చూడాలి. వైరస్ బ్యాండ్ లేక, ఆక్టిన్ బ్యాండ్ వస్తే అప్పుడే ఆ ఆకులో బెగోమోవైరస్ కనపడలేదని రాయొచ్చు. రెండూ రాకపోతే ఆ నమూనా లెక్కలోకి రాదు, డీఎన్‌ఏ మళ్లీ తీయాలి. చాలా థీసిస్‌లలో ఈ ఒక్క కాలమ్ లేకే పట్టిక మొత్తం అనుమానం పాలవుతుంది.

యంత్రానికి ఇచ్చే కార్యక్రమం: 94 డిగ్రీలు 3 నిమిషాలు, 94 దగ్గర 30 సెకన్లు, 55 దగ్గర 30 సెకన్లు, 72 దగ్గర 45 సెకన్లు, ఇలా 35 సార్లు, చివర 72 దగ్గర 10 నిమిషాలు. టాక్ నిమిషానికి సుమారు వెయ్యి బేసులు కలుపుతుంది కాబట్టి 530కి 45 సెకన్లు ధారాళంగా చాలు. వేసవి మధ్యాహ్నాల్లో కరెంటు పోవడం మామూలే, యంత్రాన్ని యూపీఎస్‌కి తగిలించండి. మధ్యలో ఆగిన రన్‌ని అతుకు వేసి నడిపి దాని నుంచి ‘లేదు’ అనే ఫలితం తీసుకోవద్దు, కొత్తగా పెట్టండి.

జెల్ చదవడం

1.2 శాతం జెల్‌కి 1.2 గ్రాముల అగరోజ్ 100 మిల్లీలీటర్ల 1ఎక్స్ టీఏఈ బఫర్‌లో కరిగించి, చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడ్డాక డీఎన్‌ఏని మెరిపించే ఇథిడియం బ్రోమైడ్, మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములది, 5 మైక్రోలీటర్లు వేసి పోయండి. నీళ్లతో కరిగించి ట్యాంకులో టీఏఈ పోసేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. అలా చేస్తే బ్యాండ్లు వంకరపోతాయి. ఎలక్ట్రోడ్ల మధ్య సెంటీమీటరుకు 5 వోల్టులు. గది వేడిగా ఉంటే అంతకుమించొద్దు, జెల్ మెత్తబడి బ్యాండ్లు నవ్వినట్లు వంగుతాయి. ఇథిడియం డీఎన్‌ఏలో దూరే పదార్థం. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, జెల్ ముక్కలు సింకులో వేయొద్దు, యూవీ చూసేటప్పుడు ముఖానికి షీల్డ్ ఉండాలి.

100 బేసుల ల్యాడర్‌లో (పొడవు పోల్చుకునే గీతల వరుస) 500 గీతకు కొంచెం పైన ఒక్క స్పష్టమైన బ్యాండ్ ఉంటే అదే. 100 కంటే కింద మసకగా ఉన్నది ప్రైమర్లు ఒకదానికొకటి అంటుకున్న తుక్కు, దాన్ని ఫలితంగా రాయకండి. నీటి కంట్రోల్‌లో 530 కనిపిస్తే ఆ రోజు జెల్ మొత్తం పారేయాల్సిందే. నీరు, ప్రైమర్, బఫర్, టిప్పులు ఒక్కొక్కటిగా కొత్తవి పెట్టి కారణం వెతకండి. బల్లను ఇంటి బ్లీచ్ పది శాతం ద్రావణంతో తుడిచి, తర్వాత నీళ్లతో తుడవండి. అసలు నివారణ వేరే ఉంది: పీసీఆర్ కలిపే బల్ల, జెల్ ఎక్కించే బల్ల వేరుగా, పిపెట్లు వేరుగా ఉండాలి. పెరిగిన డీఎన్‌ఏ ఒక్క చుక్కలో కోట్ల కాపీలుంటాయి.

పాజిటివ్ కంట్రోల్ వచ్చి, నమూనాల్లో ఆక్టిన్ కూడా రాకపోతే అడ్డుపడేది నమూనాలోనే ఉంది. డీఎన్‌ఏని పదింతలు, వందింతలు పలుచన చేసి మళ్లీ పెట్టండి. పలుచన చేసినప్పుడు బ్యాండ్ వస్తే అది ఫినాల్స్ పనే. మైక్రోలీటరుకు 0.2 మైక్రోగ్రాముల బీఎస్‌ఏ ప్రోటీన్ చేరేలా కలిపినా సాయం చేస్తుంది. ఎక్కడా ఏమీ రాక, పాజిటివ్ కంట్రోల్ కూడా రాకపోతే టాక్, డీఎన్‌టీపీ చూడండి. డీఎన్‌టీపీ పదేపదే గడ్డకట్టి కరిగితే పాడవుతుంది, 20 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లో పంచి దాచాలి.

బ్యాండ్ వచ్చాక

530 బేసుల బ్యాండ్ బెగోమోవైరస్ ఉందని చెబుతుంది, ఏ జాతో చెప్పదు. జాతి పేరు పెట్టాలంటే మొత్తం 2,700 బేసుల జీనోమ్ చదివి, తెలిసిన వాటితో పోల్చాలి. 91 శాతానికి పైగా సరిపోలితే అదే జాతి, తక్కువైతే కొత్త జాతి అన్నది ఇప్పుడు వాడే కొలబద్ద. మొత్తం ఉంగరాన్ని పెంచడానికి ఫై29 పాలిమరేజ్‌తో 30 డిగ్రీల దగ్గర 18 గంటలు ఉంచే రోలింగ్ సర్కిల్ పద్ధతి ఉంది. ఆ తర్వాత ఉంగరాన్ని ఒక్కచోటే కోసే ఎంజైమ్ వెతికితే 2.7 కిలోబేసుల సరళ ముక్క చేతికొస్తుంది.

చిన్న ముక్క సీక్వెన్స్ కోసం కూడా నేరుగా పంపడం కంటే క్లోన్ చేయడం (ముక్కను బాక్టీరియాలో పెట్టి పెంచడం) మంచిది. ఒకే మొక్కలో రెండు వైరస్‌లు ఉంటే నేరుగా చదివిన గ్రాఫులో శిఖరాల మీద శిఖరాలు పడి చదవలేం. బ్యాండ్‌ని 365 నానోమీటర్ల యూవీ కింద అర నిమిషం లోపు కోసేయండి, ఎక్కువసేపు ఉంచితే డీఎన్‌ఏ దెబ్బతిని లైగేషన్ (ముక్కను వెక్టర్‌కి అతకడం) కుదరదు. టాక్ ప్రతి ముక్క చివరా ఒక ఏ వదిలేస్తుంది, ముక్కను మోసే ప్లాస్మిడ్, టీఏ వెక్టర్, దాని కోసమే ఉంది. 3,000 బేసుల వెక్టర్ 50 నానోగ్రాములకు, మూడింతల లెక్కన, 530 ముక్క 26.5 నానోగ్రాములు. 4 డిగ్రీల దగ్గర రాత్రంతా లైగేషన్. ఆ తర్వాత డీహెచ్5 ఆల్ఫా బాక్టీరియా కణాలు 50 మైక్రోలీటర్లు, ఐసు మీద అరగంట, 42 డిగ్రీల దగ్గర సరిగ్గా 45 సెకన్లు, మళ్లీ ఐసు మీద 2 నిమిషాలు, ఎస్‌ఓసీ మీడియంలో 37 దగ్గర గంట. యాంపిసిలిన్ మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు, ఎక్స్‌గాల్, ఐపీటీజీ ఉన్న ప్లేటు మీద పరిస్తే తెల్ల కాలనీలు మనవి. అగర్ 50 డిగ్రీలకు చల్లబడకముందు యాంపిసిలిన్ వేస్తే అది చచ్చి, ప్లేటంతా కాలనీలు నిండిపోతాయి. 16 గంటలు దాటించినా పెద్ద కాలనీ చుట్టూ చిన్నచిన్న పిల్ల కాలనీలు పుడతాయి, వాటిలో ప్లాస్మిడ్ ఉండదు. ఈ దశకు రాకముందే సంస్థలోని జీవభద్రతా కమిటీకి తెలిపి అనుమతి చూసుకోండి. జన్యుమార్పిడి సూక్ష్మజీవుల మీద మన దేశంలో 1989 నియమాలు అమల్లో ఉన్నాయి.

ఒక్కో మొక్క నుంచి కనీసం మూడు తెల్ల కాలనీలు, రెండు వైపుల నుంచీ చదివించండి. వచ్చిన అక్షరాల్లోంచి వెక్టర్ భాగాన్ని, రెండు చివర్లలో ప్రైమర్ కూర్చున్న చోట్లను కత్తిరించాకే, తెలిసిన సీక్వెన్స్‌లతో పోల్చే బ్లాస్ట్‌లో పెట్టండి. ప్రైమర్ అక్షరాలు కొనుక్కొచ్చినవి, వైరస్‌వి కావు.